ఊరికే కూర్చున్న రెండో కోర్

త్రినాథరావు స్కూటరుకు స్టాండు కూడా వేయకుండా గేటు దగ్గర పడేసి, వాచ్‌మన్ కేకలు వినిపించుకోకుండా కంట్రోల్ రూమ్ మెట్ల వైపు పరిగెత్తాడు. కిందటి వారం అతణ్ణి అక్కడే వదిలాం. రెండువేల ఏడు, దసరా వెళ్ళిన వారం. గడ్డపోతారంలోని ఈ మందుల ఫ్యాక్టరీకి కొత్త కంప్యూటరు తెచ్చి బిగించింది అతనే. ఆ రోజు పొద్దున, కాజీపల్లిలో అతను బిగించిన అలాంటి కంప్యూటరే నడిపే ఇంకో ఫ్యాక్టరీ రియాక్టర్ పొంగింది. ఇద్దరు కాలారు. తెర మీద మాత్రం చివరిదాకా అంతా బాగానే ఉందట.

అతను తలుపు తోసుకుని వచ్చేసరికి లోపల ఇద్దరున్నారు. షిఫ్ట్ ఆపరేటర్ యాదగిరి తెర ముందు కూర్చున్నాడు. మేనేజర్ రాజారావు కిటికీ అద్దంలో చూసుకుంటూ టై సర్దుకుంటున్నాడు. విదేశం నుంచి సరుకు కొనేవాళ్ళు వచ్చారు. ఆఫీసులో కూర్చుని కొబ్బరినీళ్ళు తాగుతున్నారు. కాసేపట్లో షెడ్డు చూస్తారు.

"బ్యాచ్ ఆపేయండి సార్," అన్నాడు త్రినాథరావు. రొప్పుతున్నాడు.

"ముందు చెప్పులు బయట విడిచి రా," అన్నాడు రాజారావు. "కంప్యూటర్ రూమ్ ఇది. నువ్వే చెప్పావు దుమ్ము పనికిరాదని."

త్రినాథరావు వెనక్కి వెళ్ళి చెప్పులు విడిచాడు. అంత భయంలోనూ విడిచాడు. నౌకరీ మనిషికి భయం కన్నా అలవాటు ముందు నడుస్తుంది.

"ఇప్పుడెంత ఉంది?" వస్తూనే యాదగిరిని అడిగాడు.

"అరువై రెండు. నేను షిఫ్టు ఎక్కినప్పటి నుంచి గట్లనే ఉన్నది. అరువై ఒకటి, అరువై రెండు. ఏమైంది సార్, ముఖం గట్ల తెల్లగ వడ్డది?"

కిటికీ అద్దం అవతల, కింద షెడ్డులో రియాక్టర్ ఉంది. మనిషిన్నర ఎత్తు ఇనుప గంగాళం. పైన ప్లాట్‌ఫాం మీద ఉన్న డ్రమ్ము నుంచి అందులోకి యాసిడ్ చుక్కలుగా పడుతుంది. లోపల రెక్క ఒకటి ఆగకుండా కలుపుతూ ఉంటుంది. ఆ రెక్క అదురు షెడ్డు నేలలోనే కాదు, బయట వాకిట్లో నిలబడ్డా అరికాళ్ళకు తెలుస్తుంది. వేడి డెబ్బై దాటకూడదు. ఎనభై దాటితే ఇక మనిషి చేతిలో ఉండదు. వేడి ఎంతుందో కంప్యూటరు చూస్తుంది. చుక్కలు పెంచేదీ తగ్గించేదీ అదే. రెక్కను తిప్పేదీ అదే. కొత్తది వచ్చాక మనుషులకు మిగిలిన పని కూర్చుని చూడటం.

ఆ షెడ్డు ఉన్న నేల యాదగిరి తాతల నాటి జొన్నచేను. అమ్మినప్పుడు ఇంటికో నౌకరీ ఇస్తామన్నారు. ఇచ్చారు. చేను కొన్నవాళ్ళే బావి నీళ్ళు కూడా పాడుచేశారు. భార్య ఇందిరమ్మ రెండేళ్ళు మంచం పట్టి పోయింది. ఎందుకు పోయిందో ఏ డాక్టరూ కాగితం మీద రాయలేదు. మిగిలింది కూతురు సుమిత్ర. సంగారెడ్డి కాలేజీలో బీఎస్సీ చదివి, తండ్రి వద్దని మొత్తుకున్నా ఇదే ఫ్యాక్టరీ ల్యాబులో చేరింది. ఇప్పుడు తెల్లకోటు వేసుకుని, శాంపిల్ సీసా పట్టుకుని షెడ్డులోకి వస్తోంది. రియాక్టర్ దగ్గర హెల్పర్ చిన్నరాములు ఒక్కడే ఉన్నాడు. ఆమె అద్దంలోంచి తండ్రి వైపు చెయ్యి ఊపింది.

త్రినాథరావు యాదగిరిని కుర్చీలోంచి లేపి తాను కూర్చున్నాడు. మీటలు నొక్కాడు. తెర మీద ఓ మూల చిన్న కిటికీ తెరుచుకుంది. అందులో రెండు నల్లటి గడులు. రెండింటిలోనూ ఆకుపచ్చ గీతలు ఎగిరెగిరి పడుతున్నాయి.

అతను వాటిని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"రెండోది ఎవరు నడిపించారు?"

"ఏది రెండోది?" అన్నాడు రాజారావు.

"రెండో కోర్. ఈ గడిలో గీత కదలకూడదు. నేను బిగించిన రోజు ఇది ఖాళీగా ఉంది. ఖాళీగానే ఉండాలి. ఎవరు మార్చారు సార్?"

"ఏంటయ్యా గోల? వాళ్ళు వచ్చే టైమయింది."

"వినండి. మీ జేబులో ఫోన్ ఉందా, అందులో లెక్కచేసే కోర్ ఒక్కటే. గోదాములో తూకం మిషన్‌కు ఒక్కటే. ఇక్కడ ఇంతకు ముందున్న పాత కంప్యూటరుకూ ఒక్కటే. ఇందులో రెండున్నాయి. సిటీలో ఇప్పుడు నాలుగున్నవి కూడా అమ్ముతున్నారు. కానీ రియాక్టర్ని నడిపే ఈ ప్రోగ్రాం ఒక్క కోర్ ఉన్న రోజుల్లో రాసింది. ఒక్క గడియారాన్ని నమ్ముకుని రాసింది. ఈ డబ్బాలో కోర్‌కో గడియారం ఉంటుంది. అవి రెండూ ఒక టైం చెప్పవు. ఆపకుండా నడిచేకొద్దీ ఎడం పెరుగుతుంది."

"ఎడం పెరిగితే ఏమైతది?" అన్నాడు యాదగిరి.

"వేడి చదివేది ఒక కోర్. తెర మీద వేసేది ఇంకోటి. మొదటి గడియారం ముందుకు పోయింది. రెండోది వెనకబడింది. ముందోడు చదివి ఇచ్చిన అంకెను వెనకోడు, దీనికింకా టైం కాలేదు అని పక్కన పెట్టుకుని కూర్చుంటాడు. వాడి టైం వచ్చినప్పుడే వేస్తాడు. చుక్కలు వదిలేది కూడా ఆ పాత అంకె చూసే."

యాదగిరి తెర వైపు చూశాడు. అరవై రెండు. అరవై ఒకటి. అరవై రెండు.

"అంటే ఇది ఇప్పటిది కాదా?"

"ఎప్పటిదో నాకు తెలియదు. అందుకే ప్రోగ్రాంను ఒక్క కోర్‌కే కట్టేసి వెళ్ళాను. రెండోది ఊరికే కూర్చోవాలి. అంతే."

"ఊరికె కూసునేటోడు మా సార్ కండ్లల్ల వడితె ఉంచుతడా?" అన్నాడు యాదగిరి.

రాజారావు టై ముడి వదులు చేసుకున్నాడు.

దసరా నాడు జరిగింది యాదగిరికి కళ్ళకు కట్టినట్టు ఉంది. ఆయుధపూజకు అన్ని మిషన్లతో పాటు కంప్యూటరుకూ కుంకుమ పెట్టారు. పసుపుదారం చుట్టారు. యజమాని చూస్తుండగా రాజారావు తెర మీద ఆ రెండు గడులు తెరిచి చూపించాడు. కొత్త మిషన్ బలం చూపించాలని. ఒక గడిలో గీత ఎగురుతోంది. రెండోది ఖాళీ. ఇదేంటి, ఇది పని చేయదా అని యజమాని అడిగాడు. అంతే.

రాజారావు ఆ ఫ్యాక్టరీలో అడుగుపెట్టిన నాటి నుంచి చేసిన పని ఒక్కటే. నిలబడ్డవాణ్ణి నిలబడనివ్వడు. గోడకు ఆనుకున్న కూలీ కనిపిస్తే చేతికి చీపురిస్తాడు. బీడీ కాల్చుకునేవాణ్ణి డ్రమ్ములు దొర్లించమంటాడు. ఇద్దరు చేసే పనిలో ఒకడు ఖాళీగా దొరికితే సాయంత్రానికి వాడి పేరు కొట్టేస్తాడు. అలాంటివాడికి యజమాని ముందు ఓ ఖాళీ గడి కనిపించింది. నిద్రపోతోంది సార్, లేపుతాను అన్నాడు. వెతికి వెతికి ఓ చోట టిక్కు పెట్టాడు. రెండో గడిలోనూ గీత లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. కొబ్బరికాయ కొట్టారు. కొనేవాళ్ళు వచ్చి వెళ్ళేదాకా మిషన్ ఆపవద్దని ఆ రోజే హుకుం జారీ చేశాడు. ఆపలేదు.

"నేను మార్చడమేంటి?" అన్నాడు రాజారావు. "కంప్యూటర్ తెరవాలంటే ఆపరేటర్ పాస్‌వర్డ్ కొట్టాలి. ఆ పాస్‌వర్డ్ యాదగిరిది. నువ్వేమన్నా కెలికావా యాదగిరీ?"

"పాస్‌వర్డ్ నాది. చెయ్యి నీది సార్. యజమాని సూసిండు. దండ వట్టుకొని నిలవడ్డ ప్యాకింగ్ నర్సింహమ్మ సూసింది. అడుగుదామా ఇప్పుడే?"

"నోరు అదుపులో పెట్టుకో."

త్రినాథరావుకు ఆ గొడవ పట్టలేదు. బల్ల కిందికి దూరాడు. రియాక్టర్ నుంచి వచ్చే తీగల్లో ఒక దాన్ని పట్టుకుని లాగాడు. తీగ ఊడి చేతిలోకి వచ్చింది. లేచి నిలబడి దాన్ని ఇద్దరికీ చూపించాడు.

"వేడి చెప్పే తీగ ఇదే. ఇప్పుడు కంప్యూటరుకు, రియాక్టర్‌కు సంబంధం లేదు. తెర మీద అంకె పోయి దాని చోట ఉత్త అడ్డగీత పడాలి. చూడండి."

ముగ్గురూ చూశారు.

అరవై రెండు. అరవై ఒకటి. అరవై రెండు. అరవై రెండు.

తీగ త్రినాథరావు పిడికిట్లో వేలాడుతోంది. అంకె మారుతూనే ఉంది. దేనికీ అంటుకోనిది, దేన్నీ చూడనిది, నిమ్మళంగా లెక్క చెబుతోంది. యాదగిరి తెర నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. పీనుగ నోరు తెరిచి కుశలం అడిగినా అంత భయపడడు.

"అడ్డగీత పడటానికి ఎంతసేపు పడుతుందో, తెర అంత వెనక ఉందన్నమాట," అన్నాడు త్రినాథరావు. తీగ మళ్ళీ తగిలించాడు. "డయల్ చూడమనండి. రియాక్టర్ మీద ముల్లు డయల్ ఉండేది కదా, దానికి కంప్యూటరుతో పని లేదు. అది నిజం చెబుతుంది."

యాదగిరి రాజారావును చూశాడు. రాజారావు కిటికీలోకి చూశాడు.

"తుప్పు పట్టింది," అన్నాడు రాజారావు. "వాళ్ళు చూస్తే బాగుండదని తీయించాను. కింద కొత్త డిజిటల్ బోర్డు పెట్టించాను కదా."

"ఆ బోర్డుకు అంకె ఎక్కణ్ణుంచి వస్తుంది సార్? ఈ డబ్బాలోంచే వస్తుంది."

యాదగిరి కుర్చీ వీపును పట్టుకున్నాడు. షిఫ్టు మారేటప్పుడు ఆ ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉంది. పాతకాలం నుంచి ఉంది. పోయేవాడూ వచ్చేవాడూ కలిసి రియాక్టర్ ముందు నిలబడతారు. ఒకడి తర్వాత ఒకడు వేడి ఎంతో పైకి చదువుతారు. రెండు నోళ్ళూ ఒకే మాట చెబితేనే పోయేవాడు ఇంటికి పోతాడు. ఈ మధ్యాహ్నం యాదగిరి, పొద్దుటి షిఫ్టు పెంటయ్య అలాగే నిలబడ్డారు. అలాగే చదివారు. డయల్ ఉన్న చోట బొక్క మూసి రంగు వేసి ఉంది. ఇద్దరూ బోర్డునే చూసి చదివారు. దేవుడి ముందు ప్రమాణం చేసినంత గట్టిగా చదివారు.

బల్ల మీద ఫోన్ మోగింది. షెడ్డు ఫోను.

"నాయినా," అంది సుమిత్ర. వెనక రెక్క హోరు. "శాంపిల్ వట్టిన. సీసాల మసులుతున్నది."

"ఏం మసులుతున్నది బిడ్డా?"

"మందే. నీళ్ళు కాగినట్టు బుడగలొస్తున్నయి. బోర్డు మీద అరువై రెండే ఉన్నది. అరువై రెండుకు ఇది మసులదు నాయినా. సీసా వట్టరాలే, కింద వెట్టిన. ఏమైతున్నది?"

యాదగిరి ఇంకోసారి తెర మీది అంకె వైపే చూశాడు. ఒక్క క్షణం. ఆ క్షణాన్ని అతను తర్వాత ఎప్పటికీ క్షమించుకోడు.

"బయటికి రా," అన్నాడు. "చిన్నరాములును తోల్కొని బయటికి రా. ఉరుకు."

"ఇంక చుక్కలు వడుతున్నయి గద. పైన చేతి వాల్వు బంద్ జేస్తే..."

"ఒద్దు. నేను జెప్తున్న, ఒద్దు. రా బిడ్డా."

"ఒక్క చక్రం తిప్పుడే నాయినా. బంద్ జేసి జల్దీ వస్త. చిన్నరాములన్నకు పైకి ఎక్కరాదు, మోకాలు నొప్పి."

ఫోను పెట్టేసింది. తల్లి పోయిన నాటి నుంచి ఆ పిల్ల ఎవరు వద్దన్నా ఆగదు. ఆపవలసిన తండ్రి ఏడ్చుకుంటూ కూర్చున్న కాలంలో ఇల్లు నడిపింది. ఇప్పుడు ఆగమంటే ఎందుకు ఆగుతుంది?

రాజారావు ముఖంలో అప్పుడు భయం వచ్చింది. తన మీదికి వచ్చేదాకా రానిది, వస్తే ఒక్కసారే వచ్చింది. కంప్యూటరు డబ్బా మీదికి వంగాడు.

"ఆపేయ్. దీన్ని ఆపేయ్ ముందు. ఎక్కడ స్విచ్చు?"

త్రినాథరావు అతని మణికట్టు పట్టుకున్నాడు. మేనేజరు చెయ్యి పట్టుకునే మనిషి కాదు అతను. పట్టుకున్నాడు.

"ముట్టుకోకండి! రెక్కను కూడా దీనికే కలిపించారు మీరు. ఇది ఆగితే రెక్క ఆగుతుంది. రెక్క ఆగితే యాసిడ్ పైన పేరుకుని ఒక్కసారిగా అంటుకుంటుంది. కాజీపల్లిలో భయపడి ఆపేశారు. ఆపాకే పొంగింది."

"మరేం చెయ్యమంటావు?"

"సైరన్ వేయండి. మనుషుల్ని ఖాళీ చేయించండి. చేతి వాల్వు మూసేసి, రెక్క తిరుగుతుండగానే చల్లనీళ్ళు వదలాలి. ఇంక దారి లేదు."

"సైరనా?" రాజారావు వాకిటి కిటికీలోంచి ఆఫీసు వైపు చూశాడు. వరండాలో బంతిపూల దండలతో నలుగురు తెల్లవాళ్ళు నవ్వుతూ నిలబడి ఉన్నారు. "వాళ్ళ ముందా? పిచ్చా మీకు? ఇద్దరే కదా షెడ్డులో ఉన్నది. ఫోన్ చేసి పిలవండి. మెల్లగా పిలవండి."

ఇద్దరే కదా.

యాదగిరి ఆ మాట విన్నాడు. గోడ మీద సైరన్ బటను అద్దం పెట్టెలో ఉంది. దాని తాళం చెవి రాజారావు జేబులో ఉంటుంది. అనవసరంగా మోగించి పని ఆపుతారని దాన్ని ఎవరికీ ఇవ్వడు. యాదగిరి తాళం చెవి అడగలేదు. బల్ల మీది ఫోను రిసీవర్ ఎత్తి అద్దాన్ని కొట్టాడు. మొదటి దెబ్బకు బీట పడింది. రెండో దెబ్బకు అద్దం పగిలి చేతి వేళ్ళు కూడా చీరుకుపోయాయి. నెత్తురు చేత్తోనే బటను నొక్కాడు.

సైరన్ లేచింది.

"నీ ఉద్యోగం అయిపోయింది రా!" అని అరిచాడు రాజారావు.

"నీది ఎప్పుడో అయిపోయింది. నీకు తెల్వలే," అన్నాడు యాదగిరి. త్రినాథరావు వైపు తిరిగాడు. "నువ్వు ఈడనే ఉండు. ఎవ్వణ్ణి డబ్బా ముట్టనియ్యకు. నీకు దండం వెడత."

"నేను కదలను. మీరు వెళ్ళండి," అన్నాడు త్రినాథరావు. డబ్బాకు అడ్డంగా నిలబడ్డాడు.

యాదగిరి అద్దంలోంచి కిందికి చూశాడు. ప్లాట్‌ఫాం మీద తెల్లకోటు. రెండు చేతులూ వాల్వు చక్రం మీద ఉన్నాయి. ఒళ్ళంతా వాల్చి తిప్పుతోంది. చక్రం తిరగడం లేదు. కంప్యూటరు వచ్చాక దాన్ని ముట్టుకున్నవాడు లేడు. రంగు వేసినప్పుడు చక్రానికీ కలిపే వేశారు. రంగు ఎండి బిగుసుకుంది.

మెట్లు ఎన్ని దిగాడో, ఎన్ని దూకాడో అతనికి తెలియదు. వాకిట్లోకి వచ్చేసరికి ప్యాకింగ్ ఆడవాళ్ళు గేటు వైపు పరిగెడుతున్నారు. వాళ్ళలో ఆగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. తెల్లవాళ్ళ నవ్వు ముఖాల మీదే ఆగిపోయింది. అరికాళ్ళ కింద రెక్క అదురు ఉంది. ఉంది. అదొక్కటే అతనికి ధైర్యం.

షెడ్డు ఇనుప తలుపు మూసి ఉంది. అడ్డగడియ వేసి ఉంది. ముందు చిన్నరాములు నిలబడి ఉన్నాడు. దగ్గుతున్నాడు.

అది కూడా రాజారావు పెట్టిన పద్ధతే. సైరన్ మోగితే షెడ్డులోంచి బయటపడ్డవాడు తలుపు మూసి గడియ వేయాలి. లోపలి విషగాలి ఆఫీసు వైపు పోకూడదు. ఏడాదికొకసారి అందరినీ నిలబెట్టి అది చేయించి చూసేవాడు. ఆలస్యం చేసినవాడికి సగం పూట జీతం కోసేవాడు. చిన్నరాములుకు రెండుసార్లు కోశాడు. ఈసారి చిన్నరాములు ఆలస్యం చేయలేదు.

"సుమిత్రేది?" అన్నాడు యాదగిరి.

చిన్నరాములు నోరు తెరిచాడు. తలుపు వైపు చూశాడు. మళ్ళీ యాదగిరిని చూశాడు.

"నాకంటె ముందే ఉరికిందనుకున్న అన్నా. సీసా కింద వెట్టి పోయింది. నేను సూడలే. పొగ... అన్నా, నేను సూడలే."

యాదగిరి అతణ్ణి పక్కకు తోసి గడియ మీద చెయ్యి వేశాడు. ఆ చేతి మీద ఇంకో చెయ్యి పడింది. రాజారావు మెట్లు దిగి వచ్చాడు. టై భుజం మీదికి తిరిగింది. వీపు తలుపుకు ఆనించి అడ్డంగా నిలబడ్డాడు.

"తీయొద్దు. తీస్తే గాలి మొత్తం ఇటే వస్తుంది. ఇక్కడ వందమంది ఉన్నారు."

"నా బిడ్డ లోపల ఉన్నది."

"ఒక్కరి కోసం..."

"జరుగు."

"యాదగిరీ, నా మాట విను. ఫైర్ వాళ్ళకు ఫోన్ చేశాను. పటాన్‌చెరు నుంచి బయలుదేరారు. వాళ్ళు వచ్చి తీస్తారు."

"జరుగు సార్. ఆఖరుసారి సార్ అంటున్న."

రాజారావు జరగలేదు. యాదగిరి అతని చొక్కా పట్టుకుని లాగాడు. టై పట్టుకుని లాగాడు. నలుగురు తెల్లవాళ్ళూ, గేటు దగ్గరి కూలీలూ, అందరూ చూస్తుండగా ఆ పెద్దమనిషిని మట్టిలోకి విసిరాడు. గడియ మీద రెండు చేతులూ వేశాడు. నెత్తురుకు ఇనుము జారుతోంది.

"పట్టు రాములూ," అన్నాడు. చిన్నరాములు ఏడుస్తూ వచ్చి తన చేతులు కూడా వేశాడు. గడియ కొద్దిగా కదిలింది.

అప్పుడు అరికాళ్ళ కింద రెక్క అదురు ఆగిపోయింది.

సైరన్ మోగుతూనే ఉంది. కానీ నేల చచ్చినట్టు ఉంది. ఇద్దరూ గడియ మీద చేతులు అలాగే ఉంచి ఒకరినొకరు చూసుకున్నారు. యాదగిరి తల ఎత్తి కంట్రోల్ రూమ్ మెట్ల వైపు చూశాడు.

పైమెట్టు మీద త్రినాథరావు నిలబడి ఉన్నాడు. చెప్పుల్లేవు. ఏదో అరుస్తున్నాడు, సైరన్‌లో వినపడటం లేదు. రెండు చేతులూ పైకెత్తి, వేళ్ళు చాపి, ఖాళీ అరచేతులు చూపిస్తున్నాడు. డబ్బాను తాను ముట్టుకోలేదని, అదే ఆగిపోయిందని.